ముంజేతి పచ్చబొట్టు: రక్షణ దళాల్లో ప్రవేశం కోరే ఉత్తరాంధ్ర యువతులు – దాపరికం, ప్రకటన

వ్యాససంగ్రహం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్ననాట తల్లో, అమ్మమ్మో పొడిపించిన పచ్చబొట్టు, రక్షణ దళాల్లో చేరదలచిన యువతికి నేడు వైద్యపరీక్ష గదిలో సమాధానం చెప్పుకోవలసిన విషయంగా మారింది. దాన్ని దాచడమా, ముందే చెప్పడమా అన్న సందేహాన్ని ఈ వ్యాసం జానపద విజ్ఞానం, నియామక నిబంధనల భాష ఆధారంగా పరిశీలిస్తుంది. దాచడం వల్ల అభ్యర్థినికి మేలు కంటే కీడే ఎక్కువని, అయితే నిబంధన "సంప్రదాయం" అన్న మాటకు ఇచ్చిన అర్థం ఈ ప్రాంత స్త్రీల ఆచారాన్ని పూర్తిగా పట్టుకోలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పచ్చబొట్టు, ఎరుకల స్త్రీలు, ఉత్తరాంధ్ర, మహిళా బెటాలియన్, అగ్నివీర్, వైద్యపరీక్ష, గిరిజన మినహాయింపు.

1. ప్రస్తావన

ఉత్తరాంధ్ర పల్లెల్లో తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తే యువకులు కొత్త దృశ్యం కాదు. తరాలుగా ఇక్కడి కుటుంబాలకు సైన్యం ఒక ఉపాధి మార్గం. ఇటీవల ఆ పరుగులో అమ్మాయిలూ కలిశారు. కేంద్ర రిజర్వు పోలీసు దళంలో పూర్తిగా స్త్రీలతో కూడిన 88వ బెటాలియన్ 1986లోనే ఏర్పడినా, సైన్యంలో జవాను స్థాయి ఉద్యోగం స్త్రీలకు అందుబాటులోకి వచ్చింది ఇటీవలే. సైనిక పోలీసు విభాగంలో తొలి మహిళా జట్టు, 83 మంది, 2021 మే 8న బెంగళూరులో శిక్షణ ముగించుకొంది. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటితమైంది. ఆ పథకం కింద నౌకాదళంలో చేరిన తొలి జట్టు 2023 మార్చి 28న ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ పూర్తి చేసుకొన్నప్పుడు, అందులో 270 మందికి పైగా యువతులు ఉన్నారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టినవారికి చిల్కా దూరదేశం కాదు. విజయనగరం జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుంచి నడుస్తోంది. దేశంలోని సైనిక పాఠశాలలన్నింటితో పాటు అక్కడా 2021–22 నుంచి బాలికలకు ప్రవేశం లభించింది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో తొలి మహిళా బెటాలియన్‌కు 2024 నవంబరులో అనుమతి వచ్చింది.

ఇన్ని ద్వారాలు తెరుచుకొన్నాయి. ఎత్తు, పరుగు, రాతపరీక్ష అన్నీ దాటిన యువతి చివరి ద్వారం దగ్గర తన చేతిని చూపాలి. ఆ చేతి మీద ఏముందన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

2. పచ్చ పొడవడం

తెలుగులో ఈ పనికి "వేయడం" కంటే "పొడవడం" పాత మాట. పచ్చ పొడిచారు, పచ్చ పొడిపించుకొంది అంటారు. సూదితో చర్మాన్ని పొడిచి రంగును లోపలికి దించే చర్య ఆ క్రియాపదంలోనే ఉంది. బొట్టు నుదుట పెట్టేది, చెరిగేది, మళ్లీ దిద్దుకొనేది. పచ్చబొట్టు చెరగని బొట్టు. రంగు మాత్రం నిజానికి పచ్చ కాదు. దీపపు మసిని ఆకుపసరుతోనో మరో ద్రవంతోనో కలిపి వాడేవారు. నల్లని మసి చర్మం కింద చేరాక, పైపొర గుండా చూసే కంటికి నీలి ఆకుపచ్చగా కనిపిస్తుంది. చర్మం రంగు, మసి లోతు కలిసి పెట్టిన పేరు అది.

పచ్చ పొడిచే పని తెలుగునాట ప్రధానంగా ఎరుకల స్త్రీలది. గద్దె చెప్పడం, బుట్టలు అల్లడం, పచ్చ పొడవడం ఒకే స్త్రీ చేతిలో ఉండేవి. బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే ఆమె, అరుగు మీద కూర్చొని ఇంటి ఆడవారికి వరసగా పొడిచేది. బియ్యమో, పాత చీరో, కొన్ని డబ్బులో కూలి. ఎడ్గర్ థర్స్టన్ 1906లో ప్రకటించిన దక్షిణ భారత జాతి విషయాల గ్రంథంలోనూ, 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన కులాలు–తెగల గ్రంథంలోనూ ఈ వృత్తిని ప్రస్తావించాడు. ఒడియా మాట్లాడే సరిహద్దు పల్లెల్లో ఇదే పనిని "చితా కుటా" అంటారు.

గుర్తులు చాలావరకు సాదావి. గడ్డం మీద ఒక చుక్క, కణత మీద మరొకటి, ముంజేతి లోపల తేలు, ముగ్గు, పువ్వు, ఇష్టదైవం పేరు, తోబుట్టువు పేరు, నేస్తం పేరు. సవర వృద్ధ స్త్రీల ముఖాన నుదుటి నుంచి ముక్కు మీదుగా దిగే గీత ఉంటుంది. అది వారి జాతి ఆనవాలు. గిడుగు రామమూర్తి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన భాష మాట్లాడే ఆ సవరలు నేడు సీతంపేట ప్రాంతంలో, అంటే 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో, ఎక్కువగా ఉన్నారు.

చచ్చాక మనిషి వెంట వెళ్లేది పచ్చబొట్టు ఒక్కటేనన్న నమ్మకం ఈ ప్రాంతంలోనే కాక భారతదేశంలో అనేక చోట్ల ఉంది. నగలు తీసేస్తారు, చీర మారుస్తారు, గుర్తు మాత్రం ఒంటితో పోతుంది. పేద స్త్రీకి అది ఎవరూ లాక్కోలేని నగ. ఈ నమ్మకాన్ని మూఢమని పక్కనపెడితే, తల్లి తన బిడ్డకు ఐదారేళ్ల వయసులో ఎందుకు పొడిపిస్తుందో అర్థం కాదు. ఆమె దృష్టిలో అది బిడ్డకు చేసే ఏర్పాటు, ఇవ్వగలిగిన ఆస్తి. ఏడ్చే పిల్లను ఒడిలో అదిమిపట్టి కూర్చొనేదీ ఆమే.

ఇక్కడే ఒక మెలిక. పొడిపించుకొన్నది బిడ్డ కాదు. ఆమె చేత పొడిపించారు. 2015 నాటి బాహుబలి చిత్రంలో పోరాట దళానికి చెందిన యువతి చేతి మీద నాయకుడు ఆమెకు తెలియకుండా పచ్చబొట్టు వేసే సన్నివేశం అప్పట్లో వాదానికి దారితీసింది. ఆమె అనుమతి ఏదని విమర్శకులు అడిగారు. నియామక పత్రంలోని "మీ శరీరంపై పచ్చబొట్టు ఉందా" అన్న గడి ఆ సంగతి అడగదు. గుర్తు ఉందా లేదా అన్నంతవరకే దానికి పని.

3. గుర్తే ప్రవేశమైన చోట

సమూహంలో చేరడానికి శరీరం మీద గుర్తు అడ్డంకి కావడం ఆధునిక విషయం. అంతకుముందు గుర్తే అర్హత. శ్రీవైష్ణవుల పంచసంస్కారాల్లో మొదటిది తాపం: కాల్చిన శంఖచక్ర ముద్రలను భుజాల మీద వేయించుకొన్నవారే ఆ సంప్రదాయంలో చేరినట్లు. మాధ్వులకూ తప్తముద్రాధారణ ఉంది. శ్రీకాకుళం పక్కనే ఉన్న శ్రీకూర్మంలో మాధ్వ యతి నరహరి తీర్థులు 13వ శతాబ్దిలో ఉన్నట్లు శాసనాలు చెబుతున్నాయి కనుక, ఈ నేలకు ముద్ర కొత్త కాదు.

రాజ్యం కూడా ఒకప్పుడు పచ్చ పొడిచింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో నేరస్థుల నుదుట పచ్చబొట్టు వేసే శిక్ష ఉండేది. 1849లో దాన్ని రద్దు చేశారు. తరవాత రాజ్యం పొడవడం మానేసి, ఉన్న గుర్తులను చదవడం మొదలుపెట్టింది. పదోతరగతి ధ్రువపత్రంలో రెండు గుర్తింపు చిహ్నాలు రాసే వరస ఆ చదువులో భాగమే. సాధారణంగా పుట్టుమచ్చలు రాస్తారు. ఒక మచ్చ మనిషిని గుర్తుపట్టడానికి పనికివస్తుందని ఒక కాగితం, అనర్హురాలిని చేయవచ్చని మరో కాగితం! రెండూ ఒకే ఫైలులో ఉంటాయి.

4. నిబంధన ఏమంటోంది?

అభ్యర్థినులకు ఎదురయ్యే చిక్కుల్లో మొదటిది, అన్ని దళాలకూ ఒకే నిబంధన లేకపోవడం.

సైన్యంలో శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి లోపలి నుంచి మణికట్టు వరకు, ఇంకా అరచేతి వెనుక భాగంలో ఉండవచ్చు. అది కుడిచేయా, ఎడమచేయా అన్న తేడా లేదు. మరెక్కడ ఉన్నా అంగీకరించరు. భారత ప్రభుత్వం గుర్తించిన తెగలకు చెందినవారికి, తమ తెగ ఆచారం ప్రకారం ముఖం మీదో శరీరం మీదో ఉన్న గుర్తులను మాత్రం పరిశీలించి అనుమతిస్తారు. వాయుసేన, నౌకాదళాల నియమాలూ స్థూలంగా ఈ దారిలోనే ఉన్నాయి.

కేంద్ర సాయుధ పోలీసు బలగాలకు, అంటే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వంటివాటికి, 2015 మే నెలలో జారీ అయిన వైద్యపరీక్షా మార్గదర్శకాలు వేరు. వాటి ప్రకారం పచ్చబొట్టులో దైవచిహ్నమో, పేరో ఉండవచ్చు. స్థలం ముంజేతి లోపలి వైపే, అదీ ఎడమచేతికే. కుడిచేయి వందనం చేసే చేయి కనుక దాని మీద కూడదు. చేతి వెనుక భాగాన్నీ అనుమతించిన స్థలాల్లో చేర్చారు. పరిమాణం ఆ శరీరభాగంలో నాలుగో వంతుకు మించకూడదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. కుడి ముంజేతి లోపల అమ్మ పేరు పొడిపించుకొన్న యువతి ఒకే ఏడాదిలో సైనిక పోలీసుకూ, సీఆర్‌పీఎఫ్‌కూ దరఖాస్తు చేసిందనుకొందాం. మొదటిచోట ఆ గుర్తు దోషం కాదు, రెండోచోట అదే గుర్తు అనర్హత. చేయి మారలేదు, పేరు మారలేదు. "పచ్చబొట్టు ఉంటే ఉద్యోగం రాదు" అని కొందరు, "ఏమీ అనరు" అని మరికొందరు చెప్పడానికి మూలం ఇదే. ఇద్దరూ తాము దాటిన ద్వారం గురించి మాత్రమే చెబుతున్నారు.

మార్గదర్శకాల వాక్యనిర్మాణం కూడా సాహిత్య విద్యార్థి దృష్టికి రావలసిందే. ఎడమ ముంజేయి అన్నచోట ఏకవచనం, చేతుల వెనుక భాగం అన్నచోట బహువచనం వాడారు. "ఎడమ" అన్న విశేషణం మొదటిదానికే పరిమితమా, రెండోదానికీ వర్తిస్తుందా? వ్యాకరణం రెండు చేతులనూ అనుమతించేట్టుంది. వందనం చేసే చేయి అన్న కారణం కుడిచేతిని కాదనేట్టుంది. ఆచరణలో కారణమే గెలుస్తున్నట్లు కనిపిస్తుంది. కుడిచేతి వెనుక ఉన్న పచ్చబొట్టు వల్ల కేంద్ర బలగాల్లో తిరస్కృతుడైన ఒక అభ్యర్థి 2022లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. దాన్ని తొలగించుకోవడానికి సిద్ధమన్నాడు. తొలగించుకొన్నాక కొత్త వైద్యమండలి ముందు హాజరు కావడానికి న్యాయస్థానం అవకాశం ఇచ్చింది. ఒక విశేషణం ఎంత దూరం వర్తిస్తుందన్న దాని మీద ఒక జీతం ఆధారపడి ఉంది.

5. ఎవరి ఆచారం ఆచారం?

2015 మార్గదర్శకాలు నియమాన్ని చెప్పడానికి ముందు ఒక చిన్న చరిత్ర చెబుతాయి. పచ్చబొట్టు ఈ దేశంలో అనాదిగా ఉన్నదేనని, అయితే అది పేరుకో దైవరూపానికో పరిమితమని, ముంజేతి లోపల, సాధారణంగా ఎడమవైపే ఉండేదని, నేటి యువత పాశ్చాత్య ప్రభావంతో ఒంటినిండా వేయించుకొంటోందని, అది క్రమశిక్షణకు భంగమని వాటి సారాంశం. సంప్రదాయం ఒకవైపు, ఫ్యాషన్ మరోవైపు, మధ్యలో గీత.

ఈ చరిత్ర ఎవరిది? గడ్డం మీది చుక్క, కణత మీది చుక్క, రెండు ముంజేతుల మీది ముగ్గు ఇందులో లేవు. తేలు దైవం కాదు, పేరూ కాదు. అంటే ఉత్తరాంధ్ర స్త్రీ శరీరం మీద తరాలుగా ఉన్న గుర్తుల్లో చాలావాటిని ఈ "సంప్రదాయం" గుర్తించదు. నిబంధన రాసినవారి కళ్ల ముందు మగవాడి చేయి ఉందని అనుకోవడానికి ఆస్కారముంది. ఎంతోకాలం ఆ వరసలో నిలబడింది మగవారే మరి.

సైన్యంలోని గిరిజన మినహాయింపు దీనికి కొంత జవాబు. సవర, జాతాపు, గదబ, కొండదొర యువతులకు అది మేలు చేస్తుంది. అయితే మినహాయింపు గీత ఎక్కడ పడిందో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవారు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. కాబట్టి పచ్చ పొడిచే ఎరుకల స్త్రీ తన కూతురి గడ్డం మీద చుక్క పొడిస్తే, ఆ పిల్ల పెద్దయ్యాక తెగ ఆచారమని చెప్పుకోగలదు. అదే స్త్రీ, అదే సూదితో, అదే పూట పక్కింటి మత్స్యకార బాలికకో, తూర్పుకాపు బాలికకో అదే చుక్క పొడిస్తే, వీరు వెనుకబడిన తరగతుల్లో ఉన్నారు కనుక ఆ బాట వారికి లేదు. ఆచారం ఊరంతటిది, ధ్రువపత్రం కొందరిదే. పచ్చబొట్టును కులం వారీగా, తెగ వారీగా కాక ప్రాంతం వారీగా అధ్యయనం చేయవలసిన అవసరాన్ని ఇది చూపుతుంది. ఏ ఊళ్లో, ఏ వయసులో, ఒంటి మీద ఎక్కడ, ఏ గుర్తు అన్న వివరాలతో క్షేత్రపర్యటన నివేదికలు తయారైతే, అవి జానపద విజ్ఞానానికే కాక, మినహాయింపు పరిధిని విస్తరించమని కోరేవారికీ ఆధారాలవుతాయి. పచ్చ పొడిచే చివరి తరం స్త్రీలు వృద్ధాప్యంలో ఉన్నారు. ఈ పనికి వ్యవధి తక్కువ.

6. దాచడం

అభ్యర్థినులు అనుసరించే దాపరికం మూడు రకాలు. మొదటిది పైపూత: మేకప్, పౌడరు, మందపు క్రీము. పరుగు పందెంలో చెమటకు, వైద్యపరీక్షలో దూదికి అది నిలవదు. పరీక్ష చేసేవారు మహిళా వైద్యులే అయినా, శరీరమంతా చూస్తారు.

రెండోది ఇంటి వైద్యం, అన్నింటికంటే ప్రమాదకరమైనది. సున్నం, ఆమ్లం, జీడిరసం పూసి గుర్తును కాల్చుకొనేవారు ఉన్నారు. జీడిరసం చర్మాన్ని పుండు చేస్తుందని పలాస జీడి కార్ఖానాల్లో పనిచేసే స్త్రీల చేతులే చెబుతాయి. మసి ఉన్నది చర్మపు లోపలి పొరలో. పైపొర కాలినా అది పోదు, పోయినా ఉబ్బిన మచ్చ మిగులుతుంది. అప్పుడు వైద్యుడు పచ్చబొట్టుకు బదులు మచ్చను చూసి, అది ఎలా వచ్చిందని అడుగుతాడు. అడిగేది ఒకటైతే చెప్పుకోవలసినవి రెండవుతాయి.

మూడోది లేజరు చికిత్స. దీన్ని దాపరికం అనడం కంటే తొలగింపు అనడం న్యాయం. పాతకాలపు మసి పచ్చబొట్టుకు ఒకే రంగు, తక్కువ మసి. అందువల్ల యంత్రంతో వేయించుకొన్న రంగుల బొమ్మ కంటే ఇది సాధారణంగా తక్కువ విడతల్లో పలచబడుతుంది. అయినా విడతకూ విడతకూ మధ్య కొన్ని వారాల ఎడం ఉండాలి. నియామక ప్రకటన వచ్చాక మొదలుపెడితే వైద్యపరీక్షనాటికి పూర్తి కాదు. ఖర్చు సరేసరి.

వీటన్నింటికంటే పెద్ద చిక్కు కాగితంలో ఉంది. సైనిక నియామకాల్లో పచ్చబొట్టు గురించి అభ్యర్థి స్వయంగా ధ్రువీకరించి ప్రకటన ఇవ్వాలి. వాయుసేన దరఖాస్తుతో ఆ గుర్తు ఫొటో జతపరచమని అడిగిన సందర్భాలున్నాయి. అలా జతపరచని ఒక అభ్యర్థి, నియామకపత్రం చేతికి వచ్చాక దాన్ని కోల్పోయాడు. మినహాయింపు పరిధిలోకి రాని పచ్చబొట్టు కావడంతో పాటు ఫొటో సమర్పించని విషయాన్నీ గమనించిన ఢిల్లీ హైకోర్టు, 2018 జనవరిలో అతని అభ్యర్థనను తోసిపుచ్చింది. గుర్తు ఉండడం వైద్యపరమైన అంశం. లేదని రాయడం నడవడికకు సంబంధించినది. మొదటిదానికి పునఃపరీక్ష ఉంటుంది, మినహాయింపు ఉంటుంది, తొలగింపు ఉంటుంది. రెండోదానికి ఈ దారులేవీ లేవు.

ఈ తేడా ఎంత కీలకమో రాతనియమం లేని చోటును చూస్తే తెలుస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సొరోరిటీ అనే విద్యార్థినుల సంఘాలు ఉంటాయి. దక్షిణాసియా అమ్మాయిల కోసం 1998లో హ్యూస్టన్‌లో మొదలైన డెల్టా ఫై ఒమేగా వాటిలో ఒకటి. ఇలాంటి సంఘంలో చేరదలచిన అమ్మాయికీ పచ్చబొట్టు దాచాలా అన్న సందేహం వస్తుంది. అక్కడ పాత సభ్యురాళ్లు కొత్తవారితో మాట్లాడి, నచ్చినవారిని ఎంచుకొంటారు. పచ్చబొట్టుకు కొలతలు, స్థలాలు ఉండవు, ఉన్నదల్లా ఊహ. పొడుగు చేతుల చొక్కా తొడుక్కొన్న అమ్మాయి అబద్ధమాడినట్లు కాదు. తనను ఎప్పుడు, ఎంత చూపించాలో తానే నిర్ణయించుకొన్నట్లు. సభ్యురాలయ్యాక ఆ సంఘం అక్షరాలనే పచ్చబొట్టుగా వేయించుకొనేవారూ ఉన్నారు. అక్కడ కప్పుకోవడం మర్యాదకు సంబంధించిన ఎంపిక కాగలదు. సంతకం పెట్టి ప్రకటన ఇచ్చే చోట అది సాధ్యం కాదు.

7. కళాశాల స్థాయిలో

ఈ విషయంలో కళాశాల అధ్యాపకుల పాత్ర అనుకొన్నదానికంటే పెద్దది. ఎన్‌సీసీలో చేరే విద్యార్థినులలో చాలామంది లక్ష్యం యూనిఫాం ఉద్యోగమే. కేంద్ర బలగాల కానిస్టేబుల్ నియామకంలో "సి" ధ్రువపత్రానికి 5 శాతం, "బి"కి 3 శాతం అదనపు మార్కులు ఉన్నాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఎన్‌సీసీ చేరిక సమయంలోనే పచ్చబొట్టు సంగతి మాట్లాడితే, వైద్యపరీక్షకు ఇంకా రెండు మూడేళ్ల వ్యవధి ఉంటుంది. కుడిచేతి గుర్తున్న విద్యార్థినికి సైనిక పోలీసు, నౌకాదళ ప్రకటనల మీద దృష్టి పెట్టమని చెప్పవచ్చు. లేదా తొలగించుకోదలచుకొంటే చర్మవైద్యుని దగ్గరికి పంపవచ్చు. గిరిజన విద్యార్థినికి తెగ ధ్రువపత్రంతో పాటు, ఆ గుర్తు తమ ఆచారమేనని చూపే ఆధారాలు ముందే సిద్ధం చేసుకోమనవచ్చు. కొత్తగా జాతరలో యంత్రంతో పేరు వేయించుకోబోయే అమ్మాయికి ఏ చేయి, ఎంత మేర అన్నది చెప్పవచ్చు. సూది ఒకరి నుంచి ఒకరికి మార్చకుండా వాడితే హెపటైటిస్ సోకే ప్రమాదం ఉందని కూడా.

గడ్డం మీద చుక్క ఉన్న వెనుకబడిన తరగతుల అమ్మాయికి మాత్రం చెప్పడానికి ప్రస్తుతం ఒకటే ఉంది. దరఖాస్తులో ఉన్నదున్నట్లు రాయడం, చిన్ననాడు పొడిచినదని తెలిపే బాల్యపు ఫొటో ఏదైనా ఉంటే దగ్గర ఉంచుకోవడం, తిరస్కరిస్తే పునఃపరీక్షకు వెళ్లడం. పదోతరగతి ధ్రువపత్రంలోని గుర్తింపు చిహ్నాల గడిలో ఆ చుక్కే నమోదై ఉంటే, అది ఫ్యాషన్ కోసం నిన్న వేయించుకొన్నది కాదని చూపే పాత కాగితం ఆమె చేతిలో ఉన్నట్లే. పుట్టుమచ్చల కోసం వెదికే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఆ గడి నింపేటప్పుడు పిల్ల గడ్డం వైపు కూడా ఒకసారి చూడవచ్చు.